బీపీ 164/102 వచ్చింది. మాత్ర మొదలుపెట్టాలా, మూడు నెలలు ఆగి చూడాలా?

కృష్ణ ఒడ్డు (విజయవాడ)
మార్చి 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 41 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. పోయిన వారం మా ఆఫీసులో ఆరోగ్య శిబిరం పెట్టారు. అందరితోపాటు నేనూ వరుసలో నిలబడి చెయ్యి చాపాను. మిషను 164/102 చూపించింది. ఆ అమ్మాయి ఇంకోసారి పట్టీ చుట్టి చూసి, 160/100 అని చీటీ మీద రాసి, "సార్, ఒకసారి డాక్టర్‌ని కలవండి" అంది.

నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, మెట్లెక్కితే ఆయాసం రాదు. రెండు రోజులాగి డాక్టర్ దగ్గరికి వెళితే అక్కడ 158/98. పరగడుపున షుగర్ 112. ఆయన ఆమ్లోడిపిన్ 5 అనే బీపీ మాత్ర రాశారు, రోజుకొకటి. చీటీ ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంది. మందు కొనలేదు.

కారణం మా అమ్మ. "ఒకసారి మొదలుపెట్టావంటే జీవితాంతం మింగాల్సిందే, కిడ్నీలు పాడైపోతాయి, నలభై ఏళ్లకే ఏం ఖర్మరా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. మా నాన్న 58వ ఏట పక్షవాతంతో పోయారు. ఆయన బీపీ మందులు వాడేవారు కాబట్టి ఆ మందులే ఆయన్ని తీసుకుపోయాయని అమ్మ నమ్మకం. ఉప్పు తగ్గించి, రోజూ నడిచి, మూడు నెలలు చూస్తే తప్పేమైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

---

ఇందూరు బిడ్డ (దుబాయ్)
మార్చి 3, రాత్రి 11:15

అన్నా, నీ టెన్షన్ నాకు తెలుసు. మాది నిజామాబాద్ జిల్లా. 36 ఏళ్లకే నాకు బీపీ బయటపడింది, వీసా మెడికల్‌లో. ఊరికి పోయినప్పుడల్లా ఆరు నెలలకు సరిపడా గోళీలు తెచ్చుకునేవాణ్ణి. ఒకసారి ఎనిమిది నెలలదాకా సెలవు దొరకలేదు. గోళీలు అయిపోయినయి. ఇక్కడ డాక్టర్ దగ్గరికి పోతే ఒకరోజు జీతం పోతదని ఊరుకున్నా. ఏమీ అనిపించలే. తింటున్నా, పనిచేస్తున్నా, మంచిగనే ఉన్నా. రెండు నెలల తర్వాత క్యాంపులో చూస్తే 196/114.

ఒంట్లో ఏమీ తెలియకపోవడమే దీనితో ఉన్న అసలు కష్టం అన్నా. జ్వరమైతే మనిషే పోయి మందు తెచ్చుకుంటడు.

---

మా ఊరి నర్సు (కరీంనగర్ జిల్లా)
మార్చి 4, ఉదయం 6:50

నమస్తే. నేను సబ్‌సెంటర్‌లో పనిచేస్తాను. మాత్ర సంగతి డాక్టర్లు చెబుతారు. నేను కొలత గురించి చెబుతాను. రోజూ నలభై, యాభై మందికి పట్టీ చుట్టే చెయ్యి నాది.

శిబిరంలో నిలబెట్టి చూసిన అంకెను పట్టుకుని భయపడొద్దు, అలాగని కొట్టిపారేయొద్దు. ఇంట్లో ఒక వారం సరిగ్గా కొలవండి. మణికట్టుకు పెట్టుకునే మిషను కాకుండా, పై చేతికి చుట్టేది కొనండి. మీ చెయ్యి లావైతే పెద్ద పట్టీ అడగండి. చిన్న పట్టీ బిగించి చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

మా దగ్గరికి ఒక పెద్దమనిషి వస్తాడు. సైకిల్ దిగి, బీడీ పారేసి, కూర్చుంటూనే చెయ్యి చాపుతాడు. ముందు పక్కన బల్ల మీద కూర్చోబెడతాను. వీపు గోడకు ఆనించి, రెండు పాదాలూ నేలకు ఆనించి, కాలు మీద కాలు లేకుండా, అయిదు నిమిషాలు మాట్లాడకుండా. మూత్రం వస్తుంటే పోయి రమ్మంటాను. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి బల్ల మీద గుండె ఎత్తుకు వచ్చేలా పెట్టి అప్పుడు చూస్తాను. పోయిన నెల ఆయనకు వచ్చినప్పుడు 172 ఉంది, ఇలా కూర్చున్నాక 154. మనిషి అదే, మిషను అదే.

పొద్దున మాత్ర, కాఫీ వేటికీ ముందు రెండుసార్లు, నిమిషం తేడాతో. రాత్రి భోజనానికి ముందు రెండుసార్లు. ఏడు రోజులు రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి కొలతలో హద్దు 135/85. ఆసుపత్రిలో 140/90 అంటే ఇంట్లో దాదాపు ఇంతే.

---

గోదారి గట్టు (రాజమండ్రి)
మార్చి 4, ఉదయం 10:20

నాయనా కృష్ణ ఒడ్డూ, ఇది ఎడమచేత్తో టైప్ చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

నేను తెలుగు పంతుల్ని, రిటైరయ్యాను. నాకు 55వ ఏట బీపీ వచ్చింది. మూడేళ్లు మందు వేసుకున్నాను. ఎప్పుడు చూసినా 128, 130. "నాకు తగ్గిపోయింది" అనుకుని ఆపేశాను. ఎవరినీ అడగలేదు. ఆపిన నాలుగో రోజు చూపించుకుంటే 130 ఉంది. మందు అక్కర్లేదని అదే రుజువు అనుకున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు మళ్లీ చూపించుకోలేదు.

కార్తీకమాసం. తెల్లవారుజామున స్నానం చేసి వచ్చి కాఫీ గ్లాసు పట్టుకున్నాను. గ్లాసు జారి కింద పడింది. వంగి తీద్దామంటే చెయ్యి వెళ్లదు. నా భార్య "ఏమండీ, మూతి అదేంటి అలా ఉంది" అంది. జవాబు చెబుదామనుకున్నాను, మాట ముద్దగా వచ్చింది. చలిగాలి కొట్టిందన్నారు. ఎవరో తైలం రాశారు. పక్కవీధి ఆర్‌ఎంపీ వచ్చి సూది వేశాడు. మధ్యాహ్నం దాటాక పెద్దాసుపత్రికి చేర్చారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల లోపు రావాలట. నేను ఏడు గంటల తర్వాత చేరాను.

నలభై ఏళ్లు బోర్డు మీద రాసిన చెయ్యి ఇది. ఇప్పుడు సంతకం కూడా పడదు. మీ నాన్నగారిని మందులే తీసుకుపోయాయని మీ అమ్మగారు అంటున్నారు కదా. ఆవిడని ఒక్క మాట అడుగు: ఆయన చివరి నెలల్లో రోజూ వేసుకున్నారా అని. నేను తప్పుపట్టడానికి అనడం లేదు. మా ఇంట్లో కూడా చాలామంది అదే మాట అన్నారు, "పంతులుగారు మూడేళ్లు మందులు మింగారు, అయినా పడిపోయారు" అని. ఆపేసిన సంగతి వాళ్లకు తెలియదు.

---

మునగచెట్టు (తిరుపతి)
మార్చి 4, మధ్యాహ్నం 1:05

పంతులుగారి పోస్టు చదివి బాధ కలిగింది. అయినా నా మాట కూడా వినండి. ఇంగ్లీషు మందులతో మొదలుపెట్టే ముందు మన ఇంటి వైద్యం చూడటం మంచిదని నా అభిప్రాయం. మా నాన్నగారు రోజూ పరగడుపున రెండు వెల్లుల్లి రెబ్బలు, మునగాకు పొడి తీసుకుంటారు. మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడతారు. సర్పగంధి గురించి ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది, అది బీపీకే. 70 ఏళ్లలో ఆయనకు 135 దాటలేదు. 41 ఏళ్ల మనిషికి ఎందుకంత తొందర?

---

పల్నాడు డాక్టర్
మార్చి 4, రాత్రి 10:30

ఓపీ ముగించుకుని ఇప్పుడే చూశాను. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మిమ్మల్ని పరీక్షించలేదు కాబట్టి మీ డాక్టర్ మాటే మీకు ముఖ్యం. తెలిసింది చెబుతాను.

మూడు నెలలు ఆగొచ్చా అన్నది మంచి ప్రశ్న. పైది 140–159, కిందిది 90–99 మధ్య ఉండి, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులేవీ లేని చిన్న వయసువాళ్లను కొన్ని నెలలు తిండి, నడకతో చూసి ఆ తర్వాత నిర్ణయించడం వైద్యంలో ఉన్న పద్ధతే. 160/100 ఉంటే ఆగం, రెండూ ఒకేసారి మొదలుపెడతాం. మీరు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. దానికి తోడు షుగర్ అంచున ఉంది, తండ్రి 58కే పక్షవాతంతో పోయారు. నేనైనా రాసేవాణ్ణే. నర్సుగారు చెప్పినట్టు వారం కొలిచి ఆ కాగితం మీ డాక్టర్‌కి చూపించండి. ఆలోగా కిడ్నీ పరీక్ష, పొటాషియం, మూత్రంలో ప్రొటీన్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించుకోండి.

పంతులుగారు చెప్పినదాంట్లో ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. మందు ఆపిన నాలుగో రోజు బీపీ మామూలుగా ఉండటం. ఆయన ఏ మందు వాడారో నాకు తెలియదు గానీ, ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో ఇది మామూలే. వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే ఒకరోజు మరిచిపోయినా పెద్దగా తేడా రాదు, ఆపాక కూడా బీపీ రోజులు గడిచేకొద్దీ నెమ్మదిగా ఎక్కుతుంది. మనిషి మూడో రోజో నాలుగో రోజో చూసుకుని, బాగుందని మిషను పక్కన పెట్టేస్తాడు. ఎక్కడం ఆ తర్వాత జరుగుతుంది, అప్పుడు చూసేవాళ్లుండరు. నా దగ్గరికి వచ్చే పక్షవాతం కేసుల్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో.

"ఒకసారి మొదలుపెడితే ఆపలేం" అన్నదాంట్లో అర్థం తిరగబడింది. మాత్ర వల్ల బీపీ అలవాటు పడదు. బీపీ ఉంది కాబట్టి మాత్ర ఉంది. కళ్లజోడు తీస్తే చూపు మళ్లీ మసకే కదా, అది కళ్లజోడు చేసిన తప్పు కాదు. బరువు బాగా తగ్గి, ఉప్పు తగ్గించి, డోసు తగ్గించుకున్నవాళ్లు, మొత్తంగా ఆపేసినవాళ్లు కూడా నాకు తెలుసు. కానీ అది డాక్టర్ చూస్తుండగా, మెట్టు మెట్టుగా జరగాలి. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒక్కసారిగా ఆపకండి. గుండెదడ, ఛాతీనొప్పి రావచ్చు.

కిడ్నీల సంగతి. కిడ్నీని పాడుచేసేది అదుపులో లేని బీపీ. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లకు కిడ్నీని కాపాడటానికే ఇస్తాం. అవి మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం ఒకసారి చూడాలి, అంతే.

మునగచెట్టు గారూ, సర్పగంధి గురించి మీరన్నది నిజం. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాని మీద బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాస్తే ప్రపంచమంతా చూసింది. 1952లో దాని వేరు నుంచి రిసర్పిన్ తీశారు. చాలా ఏళ్లు బీపీకి వాడారు. కానీ ఎక్కువ మోతాదులో కొందరు దిగులులో కూరుకుపోయేవారు. వేరు పొడిలో ఎంత మందు ఉందో కొలిచే దారి ఇంట్లో లేదు. ఇప్పుడు వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్ కూడా ఇంగ్లీషువాడి మాయ కాదు. వాటి ముందుతరం మందు క్యాప్టోప్రిల్, బ్రెజిల్‌లో ఒక పాము విషం మీద చేసిన పరిశోధనలోంచి వచ్చింది. ప్రకృతి నుంచి వచ్చిందా లేదా అని చూడటం లేదు నేను. ఎంత వేస్తున్నామో తెలుసా అన్నదే చూస్తాను.

వెల్లుల్లి, మునగాకు కూరలో హాయిగా తినండి. సైంధవ లవణం మాత్రం దాదాపు అంతా ఉప్పే, రంగు వేరు. బీపీకి దానితో ఒరిగేదేమీ లేదు.

---

మునగచెట్టు (తిరుపతి)
మార్చి 5, ఉదయం 8:10

డాక్టర్‌గారూ, సైంధవ లవణం గురించి నిజంగా తెలియదు. నాన్నగారు అది మంచిదని రెండింతలు వేసుకుంటున్నారు. ఈ రోజే చెబుతాను. మీరు ఓపిగ్గా రాసినందుకు థాంక్స్.

---

అమ్మ వంటిల్లు (గుంటూరు)
మార్చి 5, మధ్యాహ్నం 3:30

ఉప్పు మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తాను. మావారికి బీపీ వచ్చి పదకొండేళ్లు. డాక్టర్ "ఉప్పు తగ్గించమ్మా" అంటే నేను తగ్గించానని అనుకునేదాన్ని. ఎంత తగ్గించానో నాకే తెలియదు.

మా అబ్బాయి ఒక ఉపాయం చెప్పాడు. ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద స్కెచ్ పెన్నుతో తేదీ వేయడం. మేం నలుగురం. కిలో ప్యాకెట్ 24 రోజుల్లో అయిపోయింది. లెక్క వేస్తే మనిషికి రోజుకి పది గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అయిదు గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. నలుగురికి కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలన్నమాట. పైగా బయట తిన్న టిఫిన్లు, కొన్న అప్పడాలు, చిప్స్ ఈ లెక్కలో లేనే లేవు.

ఎక్కడ పోతోందో చూస్తే, కూరలో కాదు. ఆవకాయలో. మా ఇంట్లో ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లలో కలుపుతాం, మా అత్తగారి కొలత. రోజూ రెండు పూటలా పెద్ద చెంచాడు వేసుకుంటే, అందులో ఉన్న పిండిలో మూడో వంతు ఉప్పే. తర్వాత మజ్జిగ మిరపకాయలు, వడియాలు. మజ్జిగలో మళ్లీ ఉప్పు.

గుంటూరు మనిషిని ఆవకాయ మానమంటే ఎలా. మానలేదు. ఆదివారం ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. మిగతా ఆరు రోజులూ జాడీ పై అరలో ఉంటుంది. పప్పులో ఉప్పు ఉడికేటప్పుడు కాకుండా దించే ముందు వేస్తాను, తక్కువ వేసినా నాలుకకు తెలుస్తుంది. పులుపు ఉంటే ఉప్పు లేనట్టు అనిపించదు, అందుకని మామిడికాయ, చింతచిగురు, నిమ్మకాయ ఎక్కువ వాడతాను. పెరుగన్నంలో ఉప్పు మానేశాం. మొదటి పదిరోజులు మావారు చప్పగా ఉందని కంచం ముందు కూర్చుని నా మొహం చూసేవారు. మూడో వారానికి హోటల్ సాంబారు తిని "ఇంత ఉప్పా" అన్నారు. ఇప్పుడు ప్యాకెట్ 43 రోజులు వస్తోంది.

---

ఉద్దానం కుర్రాడు (శ్రీకాకుళం జిల్లా)
మార్చి 5, రాత్రి 8:45

అమ్మా, మీ ప్యాకెట్ లెక్క మా ఇంట్లో కూడా పెడతాను. ఒక జాగ్రత్త చెప్పాలి. ఉప్పుకి బదులుగా "లో సోడియం ఉప్పు" అని దొరుకుతోంది. అందులో కొంత పొటాషియం ఉంటుంది. కిడ్నీ బాగున్నవాళ్లకు అది మంచిదే అంటారు. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఇంటింటికీ తెలిసిన ప్రాంతం. మా నాన్నకు క్రియాటినిన్ 2.1, టెల్మిసార్టాన్ కూడా వాడుతున్నారు. తెలియక ఆ ఉప్పు నెల రోజులు వాడాం. పొటాషియం 6 దాటింది. గుండెకే ప్రమాదం అన్నారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, ఈ రకం మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఆ ప్యాకెట్ కొనొద్దు.

ఇంకొకటి నొప్పి మాత్రలు. నాన్న కొబ్బరితోటలో పని, మోకాళ్ల నొప్పి. మందుల షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ ఇచ్చేవాళ్లు, రోజుకు రెండు. బీపీ ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టర్ "ఇంకేం వేసుకుంటున్నారు?" అని అడిగాకే బయటపడింది. అది ఆపితే పైది పన్నెండు పాయింట్లు తగ్గింది. ఇంకో బీపీ మాత్ర ఎక్కించబోయేవాళ్లు అప్పటికే.

---

డాలస్ తెలుగు
మార్చి 6, ఉదయం 7:00

ఇక్కడ 2017 నుంచి 130/80 ఉంటే చాలు, బీపీ అంటారు. మా నాన్నగారు ఆరు నెలలకు వచ్చినప్పుడు ఇక్కడి మిషను దగ్గర 134 చూసి, ఇండియాలో బాగుందన్నారు ఇక్కడ లేదంటున్నారు అని కంగారుపడిపోయారు. అంకె మారలేదు నాన్నా, గీత మారింది అని చెప్పాల్సి వచ్చింది.

కృష్ణ ఒడ్డు గారూ, నాకు 44. ఇక్కడి డాక్టర్ డాష్ అనే ఆహార పద్ధతి చెప్పింది. కూరగాయలు, పళ్లు, తక్కువ కొవ్వు పాలు, పప్పులు, గింజలు ఎక్కువగా, కొవ్వు మాంసం, తీపి తక్కువగా. 1997లో వచ్చిన పరిశోధనలో బీపీ ఉన్నవాళ్లకు పైది సుమారు 11 పాయింట్లు తగ్గింది. కాగితం మీద అమెరికా తిండిలా ఉంటుంది గానీ చూస్తే మన తోటకూర పప్పు, బీరకాయ కూర, మజ్జిగ, జామకాయ. అన్నం సగం చేసి కూర రెట్టింపు చేశాను. ఎనిమిది కిలోలు తగ్గాను. మాత్ర 40 నుంచి 20కి వచ్చింది. ఆగలేదు, తగ్గింది. నాకు అది చాలు.

---

పెన్నా తీరం (నెల్లూరు)
మార్చి 6, రాత్రి 9:20

మావారికి మూడు రకాల మాత్రలు వాడినా 150 కిందికి రాలేదు. అందరూ ఉప్పు, కోపం అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ ఆయన్ని కాకుండా నన్ను అడిగింది: "రాత్రి గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా?" అని. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు అంతవరకు. ఎన్నో రాత్రులు ఆ నిశ్శబ్దంలో లేచి ఆయన్ని కదిపి చూసేదాన్ని. నిద్ర పరీక్ష చేయిస్తే అదే బయటపడింది. ఇప్పుడు రాత్రి ముక్కుకు గాలి మిషను పెట్టుకుంటారు. బీపీ 134కి వచ్చింది. కృష్ణ ఒడ్డు గారూ, మీ ఇంట్లోవాళ్లని మీ గురక గురించి అడగండి.

---

కృష్ణ ఒడ్డు
మార్చి 13, రాత్రి 10:05

ఇన్ని పోస్టులు చదివి ఏం రాయాలో తెలియలేదు. వారం రోజులు కొలిచాను. మొదటి రోజు తీసేసి ఆరు రోజుల సగటు 153/97. అంటే శిబిరం భయం కాదు, ఉన్నదే.

పంతులుగారూ, మీరు అడగమన్నారని అమ్మని అడిగాను. నెమ్మదిగా, వంటింట్లో, ఆవిడ చిక్కుళ్లు ఈనె తీస్తుంటే. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. నాన్న చివరి ఏడాది మందు సరిగ్గా వేసుకోలేదట. "రోజు విడిచి రోజు వేసుకుంటే నెలకి సగం డబ్బు మిగులుతుంది, పిల్లాడి ఫీజు కట్టాలి" అనేవారట. ఆ ఫీజు నాదే. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇరవై ఏళ్లుగా అమ్మ ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం మాత్ర మొదలుపెట్టాను. అమ్మే మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది.

---

గోదారి గట్టు (రాజమండ్రి)
మార్చి 13, రాత్రి 10:50

మీ నాన్న మీద నాకు గౌరవం కలిగింది నాయనా. అమ్మని ఇంకేమీ అడగొద్దు. పక్కన కూర్చో.

---

మా ఊరి నర్సు (కరీంనగర్ జిల్లా)
మార్చి 14, ఉదయం 6:40

చదివి కళ్లు తడిశాయి. డబ్బు కోసం మాత్ర సగం చేసుకునేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి ఇది చదివేవాళ్లు మీ ఊళ్లో చెప్పండి. తెలంగాణలో, ఆంధ్రలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ మాత్రలు ఉచితం. దేశంలో బీపీ అదుపు కార్యక్రమం 2017లో మొదలైనప్పుడు మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒక్కొక్కరికి కార్డు రాసి నెలకు సరిపడా ఇస్తాం. రానివాళ్ల ఇంటికి ఆశా అక్క పోయి అడుగుతుంది. కొనుక్కునేవాళ్లకు జన ఔషధి కేంద్రాల్లో అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది.

ఆడపిల్లల కోసం ఒక మాట. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. బిడ్డకు మంచివి కావు, వేరే మందులు ఉన్నాయి.

---

ఇందూరు బిడ్డ (దుబాయ్)
మార్చి 14, మధ్యాహ్నం 2:10

అన్నా, మీ నాయన మాట చదివి మా ఇంటికి ఫోన్ చేసిన. మా బాపు కూడా గోళీలు దాచి వేసుకుంటున్నడని ఇప్పుడే తెలిసింది. తిట్టిన, తర్వాత ఏడ్చిన.

ఎండలో పనిచేసేవాళ్లకు ఒకటి చెబుతా. నాకు మొదట్ల మూత్రం ఎక్కువ పోయే గోళీ ఇచ్చిండ్రు. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపిస్తరు గానీ పొద్దున పదికే నిప్పులు. చెమటతోటి కాళ్లు కొంకర్లు పోయేటివి, ఒకసారి లేచి నిలబడితే కళ్లు చీకట్లయినయి. డాక్టర్‌కు నా పని ఏందో చెప్పినంక గోళీ మార్చిండు. మనం ఏం పని చేస్తమో డాక్టర్‌కు చెప్పాలె.

---

కృష్ణ ఒడ్డు
ఏప్రిల్ 21, రాత్రి 9:15

అయిదు వారాల సంగతి చెబుతాను. పొద్దున 5:40కి కాలువ గట్టు మీద నడక, 40 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. రెండున్నర కిలోలు తగ్గాను. శనివారం బీరు మానేశాను. ఉప్పు ప్యాకెట్ మీద తేదీ అమ్మే వేసింది. మేం అయిదుగురం, ఏప్రిల్ 1న తెరిచాం, ఇంకా సగానికి పైనే ఉంది. గురక లేదని మా ఆవిడ చెప్పింది.

పోయిన వారం సగటు 133/85. ఒక ఇబ్బంది ఉంది. సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతున్నాయి, సాక్సు తీస్తే గీత లోతుగా పడుతోంది. కిడ్నీ అని భయపడ్డాను. మాత్ర రాత్రికి మార్చుకోవచ్చా అన్నది కూడా అడగాలి.

---

పల్నాడు డాక్టర్
ఏప్రిల్ 21, రాత్రి 11:00

చాలా సంతోషం. ఆ వాపు ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి వస్తుంది. చిన్న రక్తనాళాలు వెడల్పై నీరు కాళ్లలోకి దిగుతుంది. కిడ్నీ పరీక్షలు మామూలుగా ఉంటే సాధారణంగా ప్రమాదమేమీ కాదు. అయినా మీ డాక్టర్‌కి చూపించండి. సొంతంగా ఆపొద్దు. డోసు సగం చేసి ఇంకో మందు కలపడమో, మందు మార్చడమో చేస్తారు. రామిప్రిల్ రకం వేసుకున్న కొందరికి పొడి దగ్గు వస్తుంది, దానికీ ఇదే దారి. ఒక మందు పడకపోతే అయిదారు రకాలున్నాయి. "నాకు బీపీ మందులు పడవు" అని మొత్తం మానేసేవాళ్లను చూసి చెబుతున్నాను.

పొద్దునా రాత్రా అన్నది 2022లో వచ్చిన పెద్ద పరిశోధనలో తేలింది, గుండె, మెదడు జబ్బుల విషయంలో తేడా ఏమీ లేదు. మీరు మరిచిపోని వేళ ఏదో ఆ వేళే మంచిది. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

మరొకటి. ఎప్పుడైనా 180/120 కనబడితే అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, చెయ్యి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఒక్కటి ఉన్నా 108. ఏమీ లేకుండా అంకె మాత్రమే ఎక్కువుంటే ఆ రోజే డాక్టర్‌ని కలవండి. నాలుక కింద గొట్టం మందు (క్యాప్సూల్) పిండి బీపీని గబగబా దించే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఒప్పుకోకండి. ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం అందక పక్షవాతం రావచ్చు.

---

కృష్ణ ఒడ్డు
మే 4, ఉదయం 7:30

డాక్టర్ ఆమ్లోడిపిన్ సగం చేసి టెల్మిసార్టాన్ 40 కలిపారు. వాపు తగ్గింది. రెండు వారాల తర్వాత రక్తపరీక్ష రాశారు.

నిన్న సాయంత్రం నేను కొలుచుకుంటుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నాకూ చుట్టు" అంది. ఎన్నేళ్లుగా అడుగుతున్నా ఒప్పుకోని మనిషి. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంటే చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. 172/88. మళ్లీ చూస్తే 170/86. అమ్మకు 68. ఆ అంకె చూసి కాసేపు ఊరుకుని, "మీ డాక్టర్ దగ్గరికే పోదాం, సోమవారం" అంది. ఏమేం అడగాలో చెప్పండి.

---

మా ఊరి నర్సు (కరీంనగర్ జిల్లా)
మే 4, మధ్యాహ్నం 12:20

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. సోమవారం దాకా పొద్దున, సాయంత్రం కొలిచి రాసుకోండి. మోకాళ్లకు, తలనొప్పికి ఆవిడ వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, ఆయుర్వేదం పొడులతో సహా. పెద్దవాళ్లకు కూర్చున్నప్పుడే కాదు, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కూడా చూడమని అడగండి. నిలబడితే బాగా పడిపోయేవాళ్లకు మందు తక్కువ డోసుతో మొదలుపెడతారు. రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి, మంచానికీ తలుపుకీ మధ్య లైటు పెట్టండి.